లాల్ అహ్మద్ చీమలు

అనకాపల్లిలో ఏ కంప్యూటరు మూలపడినా లాల్ అహ్మద్ దృష్టిలో దోషి ఒక్కటే. చీమ. మీట నొక్కితే పలక్కుండా మొండికేసిందా, చీమ. సగం దాకా లేచి మళ్ళీ పడుకుందా, చీమ. తెర మీద ఇంగ్లీషులో ఏవో శాపనార్థాలు పెట్టి ఆగిపోయిందా, అది మరీ చదువుకున్న చీమ. పిడుగు పడి ఒకాయన మానిటరు మాడి మసైపోయిన రోజున కూడా లాల్ అహ్మద్ ఆ మసిని వేలితో తాకి చూసి, "పిడుగుదేటీ తప్పు లేదండి, పాపం. అది పడీసరికే చీమ తినీసింది" అన్నాడు.

మెయిన్ రోడ్డులో గాజుల కొట్టుకీ చెప్పుల కొట్టుకీ నడుమ ఇరుక్కుని ఉంటుంది ఆయన దుకాణం. బోర్డు మీద 'లాల్ కంప్యూటర్స్, పాతవి మాత్రమే' అని రాసి ఉంటుంది. కొత్తవాటి జోలికి పోడు. "కొత్తవన్నీ సీలేసి వత్తన్నాయి బావా. చీమ దూరే సందు లేదు. వాటితో మనకేటి మాట?" అంటాడు. గోరింటాకు పెట్టిన గడ్డం, ముక్కు కొసకి జారిన కళ్ళజోడు, జేబులో మెత్తటి కుంచె, పక్కనే చీమలమందు సుద్దముక్క. కుంచెతో కంప్యూటరు లోపల దుమ్ము దులుపుతాడు. పనయ్యాక సుద్దముక్కతో దాని చుట్టూ ఒక గీత గీస్తాడు. అది చీమలకి సరిహద్దు. కొన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు అదేదో శాంతి అనుకుని ఆ గీత మీద పసుపు కూడా జల్లేవారు.

ఈ వాదన ఇంకో ఊళ్ళో అయితే రెండో రోజే వీధిన పడేది. అనకాపల్లి కాబట్టి నిలబడింది. బెల్లం ఊరు కదా. సీజన్‌లో ఇక్కడ గాలి కూడా తియ్యగా ఉంటుంది. కాగితం మీద కాగితం పెడితే అతుక్కుంటుంది, చెయ్యి మీద చెయ్యి వేస్తే అతుక్కుంటుంది. చీమలకి కొదవ లేని ఊళ్ళో చీమ మీద నేరం మోపితే కాదనే మొనగాడెవడు?

ఆయన దగ్గర చీమలు రకరకాలు. తెర నల్లబడితే నల్లచీమ. ఎర్ర ఇంటూ గుర్తు వస్తే ఎర్రచీమ. ఒకనాడు కోచింగ్ సెంటరు మాస్టారు పరుగెత్తుకొచ్చాడు.

"లాల్ బావా, తెరంతా నీలంగా అయిపోయింది!"

"నీలం చీమ."

"నీలం చీమేటి? ఎక్కడైనా ఉంటాదా?"

"తెర నీలం అయ్యిందా లేదా?"

"అయ్యింది."

"మరి!"

మాస్టారు నీలం చీమనే ఒప్పుకుని వెళ్ళాడు. అచ్యుతాపురం కంపెనీలో ఇంజినీరుగా చేస్తున్న లోహిత్ అనే కుర్రాడు మాత్రం ఊరుకోలేదు. కంపెనీ బస్సెక్కే ముందు దుకాణం దగ్గర ఆగి మరీ నిలదీశాడు.

"అంకుల్, మా ఇంట్లోది పాడైంది హార్డ్‌వేర్ కాదు, సాఫ్ట్‌వేర్. దాన్ని చీమెలా ఎత్తుకెళ్తుంది?"

"సాఫ్ట్‌వేర్ ఎంత బరువుంటాది బాబూ?"

"దానికి బరువుండదు అంకుల్."

"పంచదార పలుకు మోసుకెళ్ళే చీమ, బరువు లేందాన్ని మొయ్యలేదా?"

లోహిత్ నోరు తెరిచాడు, మూశాడు, బస్సెక్కాడు. వాదనలో గెలిచింది తనేనని అతనికి తెలుసు. అయినా ఎక్కడ ఓడిపోయాడో అచ్యుతాపురం దాకా ఆలోచిస్తూనే ఉన్నాడట.

ఇంట్లోనూ ఇదే తంతు. ఆయన భార్య నాగూర్‌బీ ఎవరు కనిపిస్తే వాళ్ళకి మొర పెట్టుకునేది. "మా ఇంట్లో పాలు పొంగిపోతే చీమ. కూరలో ఉప్పెక్కువైతే చీమ. నిన్న నానే టీవీ సూత్తూ అన్నం మాడబెట్టేసేను. 'పొయ్యిలో చీమ దూరినట్టుంది బీబీ' అని ఆ మాడిందే పెట్టుకు తినీసేడు. ఈ మనిషితో కడుపారా ఒక్క తగువాడే భాగ్యం లేదు నాకు!"

ఇలా ఊరంతా నవ్వుకునేది. నవ్వనిది ఒక్క బిందుమాధవి. చీమ మాట వింటే ఆమెకి ఒళ్ళు మండేది.

బిందుమాధవిది చీడికాడ పక్కన పల్లెటూరు. బీకాం కంప్యూటర్స్ చదివి, అనకాపల్లి మార్కెట్లో త్రినాధరావు బెల్లం కొట్టులో ఆపరేటరుగా చేరింది. రైతులు తెచ్చిన బెల్లానికి బిల్లులు కొట్టడం ఆమె పని. ఊరొదిలి వచ్చి ఉద్యోగం చేస్తానంటే తండ్రి నూకరాజు నెల్లాళ్ళు మూతి ముడుచుకుని, చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "ఎవుడి సేతా మాట పడకూడదమ్మా. పడ్డావా, ఆ మర్నాడే సంచీ సర్దుకుని వచ్చీడమే." చెరుకు తోటలో ఎండకీ వానకీ ఓర్చుకుంటాడు గానీ, మాటకి మాత్రం ఓర్చుకోలేడు నూకరాజు. కూతురికి ఈ ఉద్యోగమంటే ప్రాణం. సొంతంగా ఒక గది, సొంతంగా ఒక తాళంచెవి, సాయంత్రం పూట తనకి నచ్చిన దారిన నడిచి వెళ్ళడం. ఒక్క మాటతో ఇదంతా పోతుందని తెలుసు కాబట్టి బహు జాగ్రత్తగా ఉండేది. తప్పు ఎవరు చేస్తే వాళ్ళ పేరు చెప్పాలని, అది వదిలేసి చీమల మీదికి తోసెయ్యడం శుద్ధ మోసమని ఆమె అభిప్రాయం.

ఆమె యజమాని త్రినాధరావుదీ సరిగ్గా అదే అభిప్రాయం. కాకపోతే కాస్త ముదిరింది. లాల్ అహ్మద్‌కి 'చీమ' ఎలాగో ఆయనకి 'ఎవుడు' అలాగ. కరెంటు పోతే "ఎవుడు తీసేడు?" అనేవాడు. గోడ మీంచి బల్లి పడితే "ఎవుడు పడేసేడు?" అనేవాడు. వాన పడితే ఆకాశం వంక చూసి ఆగిపోయేవాడు గానీ, అనాలనే ఉండేది. ఎవరో ఒకరి పేరు తేలేదాకా ఆయనకి అన్నం సయించదు. తేలాక ఆ మనిషిని పదిమందిలో నిలబెట్టి కడిగేస్తాడు. బిందుమాధవికి ముందు అదే కుర్చీలో దివ్య అనే అమ్మాయి ఉండేది. ప్రింటరులో కాగితం ఇరుక్కున్న పాపానికి ఆ పిల్ల పదిమందిలో కడిగించుకుని, ఏడుస్తూ వెళ్ళి మళ్ళీ రాలేదు.

త్రినాధరావుకి ఇంకో అలవాటు కూడా ఉంది. కొన్న ప్రతి వస్తువుకీ పసుపు రాసి బొట్టు పెడతాడు. తక్కెడకి, తూకంరాళ్ళకి సరే. కాలిక్యులేటరుకి, స్టేప్లరుకి, గోడ గడియారానికి కూడా. కంప్యూటరుకైతే నామమంత బొట్టు. అది పాత విండోస్ నడిచే ముసలి కంప్యూటరు. మార్చమంటే ఒప్పుకోడు. "అదొచ్చేకే నాకు కలిసొచ్చింది" అంటాడు. అది మొరాయించినప్పుడల్లా కబురు వెళ్ళేది లాల్ అహ్మద్‌కే. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్ళు. బావా అంటే బావా అనుకునేవాళ్ళు.

బిందుమాధవి చేరిన కొత్తలో ఒక పొద్దున్న ఆ కంప్యూటరు ఆన్ చెయ్యగానే కుయ్‌మని మూలిగి, తెర మీద ఒక ముక్క రాసి ఆగిపోయింది. కీబోర్డు లేదు, ముందుకెళ్ళాలంటే ఎఫ్ వన్ మీట నొక్కండి, అని. త్రినాధరావు చదివించుకుని విన్నాడు.

"ఏటీ? కీబోర్డు లేదంటందా?"

"అవును సార్."

"లేదంటూనే నొక్కమంటందా?"

"అవును సార్."

"ఏటి నొక్కమంటంది?"

"కీబోర్డే సార్."

"ఎవుడు రాసేడిది?" అని గర్జించాడు త్రినాధరావు.

రాసినవాడు సముద్రాలకి అవతల ఉండబట్టి బతికిపోయాడు. కానీ కీబోర్డుని ఈ గతి పట్టించిన మనిషి ఆయన ఎదురుగానే నిలబడి ఉంది. ముందురోజు సాయంత్రం బిందుమాధవి గ్లాసుడు అల్లం టీ దాని మీద ఒలకబోసి, చున్నీతో తుడిచేసి, ఎవరికీ చెప్పకుండా గదికి వెళ్ళిపోయింది. పేరు చెప్పాలన్న సిద్ధాంతం ఆ పూటకి ఎందుకో గుర్తు రాలేదు.

లాల్ అహ్మద్ వచ్చాడు. కీబోర్డుని బోర్లించాడు, వాసన చూశాడు, కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించాడు. బిందుమాధవికి పైప్రాణాలు పైనే పోయాయి.

"కొండచీమ" అన్నాడు. "మీటల కింద కాపురం పెట్టింది బావా. పిల్లాజెల్లాతో."

పాత కీబోర్డు చంకలో పెట్టుకుని, తన దుకాణం నుంచి ఇంకోటి తెచ్చి తగిలించి, సుద్దగీత గీసి వెళ్ళిపోయాడు. బిందుమాధవి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. పీల్చుకుని, ఆ ఊపిరితోనే ఆయన్ని తీసిపారేసింది. ఇంత పెద్ద టీ మరక కళ్ళెదురుగా ఉంటే చీమ అంటాడా? ఈ మనిషి ఏం రిపేరు చేస్తాడు, ఈ ఊరు ఆయన్ని ఎలా నమ్ముతోంది అని గది దాకా విసుక్కుంటూ వెళ్ళింది. మనకి మేలు చేసినవాడి తెలివి తక్కువని తేల్చుకుంటే అదొక హాయి మరి.

అసలు గొడవ సీజన్ మంచి జోరు మీదున్నప్పుడు వచ్చింది. ఆ ఉదయం కొట్టు ముందు బెల్లం బళ్ళు బారులు తీరి ఉన్నాయి. బిల్లుల కోసం రావికమతం రైతు అయ్యప్ప, బుల్లమ్మ అనే ముసలామె, ఇంకా బోలెడుమంది బల్ల చుట్టూ మూగారు. బిందుమాధవి దణ్ణం పెట్టుకుని మీట నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. 'ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్.' అంతే. ఇంక కదలదు, మెదలదు.

"ఏటంటందమ్మా?" అన్నాడు త్రినాధరావు.

"మిస్సింగ్ అంటంది సార్. అంటే కనబడ్డం లేదని."

"ఎవుడు కనబడ్డం లేదు?"

"ఎన్‌టీఎల్‌డీఆర్ సార్."

"ఆడెవుడు? మన కొట్టులో ఆ పేరుగలోడు లేడే!"

"మిస్సింగైతే టేసన్లో కంప్లైంటు ఇవ్వాల" అన్నాడు అయ్యప్ప. "ఫొటో ఉందా అమ్మా?"

"ఎవులి బిడ్డో పాపం" అని బుల్లమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తల్లి ఎలాగ తట్టుకుంతాదో."

"మనిషి కాదండీ, ఫైలు! కంప్యూటరు లేవాలంటే ముందు అది లేపాలి. అదే లేదంటంది" అంది బిందుమాధవి, ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చే గొంతుతో.

త్రినాధరావు కనుబొమలు దగ్గరకొచ్చాయి. "నిన్న దీన్ని ఆఖర్న ముట్టుకుందెవుడు?"

"నేనే సార్. నెమ్మదిగా నడుస్తోందన్నారు కదా అని, అక్కర్లేని ఫైళ్ళు కొన్ని తీసేసేను."

"అయితే అక్కర్లేందాంతో అక్కరున్నదీ తీసేసేవన్నమాట."

బిందుమాధవి గుండెల్లో రాయి పడింది. తియ్యలేదని ఒట్టేసి చెబుదామంటే, తీసిందో లేదో తనకే తెలియదు. ఏవేవో పేర్లు, అన్నీ ఒకేలా ఉన్నాయి, గబగబా తీసేసింది. ఎదురుగా తమ పల్లె వైపు రైతులు కూడా ఉన్నారు. ఇక్కడ మాట పడితే సాయంత్రానికల్లా నాన్న చెవిన పడుతుంది. చేతిలో ఉన్న గది తాళంచెవిని గట్టిగా పట్టుకుంది.

"లాలుని పిలవండి" అని అరిచాడు త్రినాధరావు. "ఈసారి చీమా గీమా అంటే ఊరుకోను. ఎవుడు సేసేడో నాకు పేరు కావాల. పేరు తేలితే ఇంక ఆ మనిషికి ఈ కొట్టులో నూకలు చెల్లినట్టే!"

మోపెడ్ దిగి గుమ్మంలోకి వచ్చిన లాల్ అహ్మద్‌కి ఈ మాటే మళ్ళీ వినిపించాడు. "చీమ అన్నావంటే మన నేస్తం ఇక్కడితో సరి లాలూ." లాల్ అహ్మద్ ముఖం చూడాలి అప్పుడు. భోజనానికి కూర్చున్నవాడి ముందు నుంచి కంచం లాగేసినట్టయింది. జేబులో సుద్దముక్కని ఒకసారి తడుముకుని, బల్ల దగ్గరికి నడిచాడు.

"అందరూ నోరు ముయ్యండి" అన్నాడు. కొట్టంతా చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం అయిపోయింది. ఆయన నిజంగానే కంప్యూటరుకి చెవి ఒగ్గాడు. ఏం వినబడిందో మరి, తలాడించి, "అమ్మా, టార్చి పట్టు" అని బిందుమాధవిని పిలిచి బల్ల వెనక్కి దూరాడు.

దుమ్ము, వైర్లు, బెల్లం రజను. వాటి మధ్య కంప్యూటరు వీపుకి గుచ్చుకుని ఒక చిన్న పెన్‌డ్రైవ్. దానికి పసుపు రాసి ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు.

బిందుమాధవికి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. ఈ పాత కంప్యూటర్లకి ఒక జబ్బుంది. ఆన్ చెయ్యగానే పెన్‌డ్రైవ్ కనబడితే కొన్ని తమ సొంత ఇల్లు మర్చిపోయి ముందు దాని తలుపు కొడతాయి. కావలసింది అక్కడ దొరక్క, మిస్సింగ్ అని ఏడుస్తాయి. కాలేజీలో చెప్పారు కూడా. అంటే ఫైలు ఎక్కడికీ పోలేదు. తను తియ్యలేదు. పెన్‌డ్రైవ్‌కి బొట్టు పెట్టే మహానుభావుడు ఈ ఊళ్ళో ఒక్కడే. తను వెళ్ళాక ఆయనే దాన్ని పెట్టి, తియ్యడం మర్చిపోయాడు.

"అంకుల్! ఇది సార్‌ది!" అని గొణిగింది, ఆనందం పట్టలేక.

"ష్. చీమలు ఇంటాయి" అని లాల్ అహ్మద్ దాన్ని చటుక్కున పీకి, సుద్దముక్క పక్కన జేబులో వేసేసుకున్నాడు.

బిందుమాధవికి అరికాలి మంట నెత్తికెక్కింది. తన నిర్దోషిత్వం మొత్తం ఆ జేబులో ఉంది. ఆయనకేమో చీమ కుట్టినట్టయినా లేదు. తాపీగా లేచి, దుమ్ము దులుపుకుని, "ఇప్పుడు లేపమ్మా" అన్నాడు. ఆమె పళ్ళు బిగపట్టి మీటలు నొక్కింది. కంప్యూటరు బుద్ధిగా లేచి, తన పాత రాగం వాయించింది.

"దొరికేడా బాబూ?" అని బుల్లమ్మ ఆత్రంగా అడిగింది.

"దొరికేడత్తా. సేమంగా ఉన్నాడు."

"దొరికేడు సరే" అన్నాడు త్రినాధరావు, బిందుమాధవి వైపు చూస్తూ. "ఎత్తుకెళ్ళిందెవుడు?"

ఇంక ఆగలేక బిందుమాధవి నోరు తెరిచింది. "సార్, అది..."

"నాను సెప్తాను కదమ్మా" అని లాల్ అహ్మద్ అడ్డం వచ్చాడు. "బావా, పేరు సెప్తే ఏటి సేత్తావు?"

"పదిమందిలో నిలబెట్టి కడిగెత్తాను."

"ఆ మనిషి నీకు బాగా కావలసినోడైతే?"

"కన్నబిడ్డయినా సరే!"

"అంతకన్నా దగ్గరోడైతే?"

"అంతకన్నా దగ్గరోడు ఎవుడుంటాడు? నాన్సకు, సెప్పు!"

లాల్ అహ్మద్ గడ్డం నిమురుకున్నాడు. స్నేహితుడి వంక జాలిగా చూశాడు. "అయితే చీమే బావా" అన్నాడు.

"లాలూ!"

"గండుచీమ. అలాటిలాటిది కాదు, ఈ కొట్టంతటికీ పెద్దది. నిన్న అందరూ ఎళ్ళిపోయేక వచ్చి ఈ కుర్చీలోనే కూకుంది. ఎనకాల ఏదో పెట్టింది. పెట్టింది తియ్యడం మర్సిపోయింది. పసుపు రాసుకుని, బొట్టెట్టుకుని మరీ వచ్చింది బావా!"

రైతులు గొల్లున నవ్వారు. "చీమకి బొట్టేటి సాయిబూ!" అని అయ్యప్ప కడుపు పట్టుకున్నాడు. త్రినాధరావు మాత్రం నవ్వలేదు. ఆయన చెయ్యి మెల్లగా చొక్కా జేబులోకి వెళ్ళింది. అక్కడ వెతికింది. పంచె మడతలో వెతికింది. ఉండాల్సింది ఎక్కడా లేదు. ఇప్పుడు నిజంగా మిస్సింగ్ అయినదేమిటో ఆయనకి అర్థమైంది. ముఖం ఎర్రబెల్లం రంగుకి తిరిగింది. కొట్టంతా 'ఎవుడు' కోసం ఎదురుచూస్తోంది.

"గండుచీమైతే..." అని గొంతు సవరించుకున్నాడు. "గండుచీమైతే ఏటి సేత్తాం? సీజను కదా. బిల్లులు కొట్టమ్మా, రైతులు నిలబడిపోయేరు."

లాల్ అహ్మద్ సుద్దగీత గీసి బయల్దేరాడు. త్రినాధరావు ఎన్నడూ లేనిది ఆయన్ని గుమ్మం దాకా సాగనంపాడు. గుమ్మం పక్కనే ప్రింటరు. కాగితాలు తీసుకుంటున్న బిందుమాధవి చెవిన ఆ గుసగుసలు పడ్డాయి.

"దాన్లో పాటలున్నాయి లాలూ. ఎవులూ ఇన్లేదు కదా?"

"ఏం పాటలు బావా?"

"నానే పాడుకున్నాను. యుగళగీతాలు."

"యుగళగీతాలా? ఆడగొంతు ఎవులిది?"

త్రినాధరావు అటూ ఇటూ చూశాడు. "అదీ నాదే" అన్నాడు.

"మనుషులెవులూ ఇన్లేదు బావా" అన్నాడు లాల్ అహ్మద్, పెన్‌డ్రైవ్‌ని ఆయన అరచేతిలో పెట్టి మూసేస్తూ. "చీమలు ఇన్నాయేమో మరి, నాను సెప్పలేను."

బిందుమాధవికి పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది గానీ, కోపం అంతకన్నా ఎక్కువగా ఉంది. సాయంత్రం నేరుగా లాల్ అహ్మద్ దుకాణానికి వెళ్ళింది. ఆయన ఒక ముసలి కంప్యూటరు పొట్ట విప్పి కుంచెతో గిలిగింతలు పెడుతున్నాడు. నాగూర్‌బీ వెనక గదిలో స్టవ్ వెలిగిస్తోంది.

"అంకుల్, ఇది అన్యాయం. అంతమందిలో ఆయన నన్ను అనుమానించేరు. తప్పేమో ఆయనదే. మీరు ఒక్క మాట నిజం చెప్పుంటే..."

"సెప్పుంటే ఏటయ్యేదమ్మా?"

"ఆయన తల దించుకునేవారు."

"దించుకున్న తల్తో రేప్పొద్దున్న నీ మొకం ఎలాగ సూత్తాడు? సూడలేనప్పుడు నిన్ను కొట్టులో ఎలాగ ఉంచుతాడు?"

ఈ కోణం బిందుమాధవికి తట్టలేదు. అయినా తగ్గలేదు. "అది సరేనండి. ప్రతిదానికీ చీమ ఏంటండీ? మీకు నిజంగానే చీమలు కనిపిస్తాయా? లేకపోతే రిపేరు తెలియక అంటారా?"

లాల్ అహ్మద్ లేచి, అటక మీంచి ఒక పాత కీబోర్డు దించాడు. దాన్ని బోర్లించి ఆమె ముందు పెట్టాడు.

"వాసన సూడు బేటీ."

చూడక్కర్లేకపోయింది. ఇన్నాళ్ళయినా అల్లం ఘాటు గుప్పుమంటోంది. వెనకాల యాలకులు కూడా.

"చీమలు బెల్లం తింటాయి. పంచదార తింటాయి" అన్నాడు లాల్ అహ్మద్. "అల్లం దంచుకుని, యాలకులేసుకుని టీ తాగిన చీమని మాత్రం నా సర్వీసులో ఒక్కదాన్నే సూసేను."

బిందుమాధవి తల ఎత్తలేదు. చెవులు ఎర్రగా అయిపోయాయి.

"ఆ చీమని నాను పట్టించేనా?"

"లేదండి."

"మరి ఈ చీమనెలా పట్టిత్తాను?"

ఆయనే మళ్ళీ కుంచె అందుకుని, కంప్యూటరు లోపలికి చూస్తూ, మామూలు గొంతుతో అన్నాడు. "నీకు ముందు దివ్య అని ఓ పిల్ల ఉండేది. కాగితం ఇరుక్కుంది, అంతే. నాను ఎళ్ళీసరికే త్రినాధ బావ పేరు తేల్చేసేడు. ఆ పిల్ల ఎళ్ళిపోయింది. నన్ను ఓ అరగంట ముందు పిలిసుంటే ఆ ప్రింటర్లోనూ చీమ ఉండేదమ్మా."

బిందుమాధవి ఆ కీబోర్డుని చున్నీతో తుడిచింది. ఈయన తెలివి గురించి తను ఇన్నాళ్ళూ విసుక్కున్న విసుగంతా గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయనంటే ఎంతో ఇష్టం కలిగింది. ఈలోగా నాగూర్‌బీ గ్లాసు తెచ్చి చేతికిచ్చింది.

"తాగమ్మా. అల్లం టీయే. మాడిన వాసనేత్తే మాత్రం అది నాను కాదు, చీమ!"

కొన్నాళ్ళు గడిచాయి. ఒక ఉదయం కొట్టు ఊడ్చే దేముడమ్మ చీపురు వైరుకి తగిలి, కంప్యూటరు టక్కున ఆరిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద బారెడు ఫిర్యాదు. నన్ను సరిగ్గా మూయలేదు, ఇప్పుడు ఎలా లేవమంటారో చెప్పండి, అని. లోపల్నుంచి త్రినాధరావు రానే వచ్చాడు. దేముడమ్మ చీపురు వెనక్కి దాచుకుని బిగుసుకుపోయింది.

"ఎవుడు..." అన్నాడు త్రినాధరావు.

"చీమ సార్" అంది బిందుమాధవి, తల తిప్పకుండా.

త్రినాధరావు దేముడమ్మ వెనక నుంచి పొడుచుకొచ్చిన చీపురు వైపు చూశాడు, చేత్తో చొక్కా జేబు తడుముకున్నాడు.

"ఏ చీమమ్మా?" అన్నాడు, బాగా తగ్గిన గొంతుతో.

"చిన్నదే సార్."

"చిన్నదైతే పోన్లే" అని లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి లోపల్నుంచి సన్నగా కూనిరాగం వినిపించింది. ఆడగొంతే.

బిందుమాధవి మీట నొక్కి కంప్యూటరుని లేపి, సొరుగులోంచి సుద్దముక్క తీసి, దాని చుట్టూ శ్రద్ధగా గీత గీసింది. దేముడమ్మ సంతోషిస్తుందనుకుంటే, నడుం మీద చెయ్యేసుకుని మీదికొచ్చింది.

"చీమంటావేటి బిందమ్మా? నాను తుడిసిన కాడ చీమా? సీపురు తగిలిందని సెప్పు, తిట్లు తింతాను. పదిమందీ ఇంటే నా తుడుపు పరువేటవుతాది?"

"ఎవుడక్కడ అరుత్తన్నాడు?" అని లోపల్నుంచి కేక.

బిందుమాధవి దేముడమ్మ నోరు గట్టిగా మూసింది.

"చీమ సార్!"